బోణీ వేళ తగిలే చెయ్యి

నందిగామ బజారులో నాకంటే చవగ్గా కొట్టు కొన్నవాడు ఇంకా పుట్టలేదు. మెయిన్ రోడ్డుకి ఆనుకున్న సందు మొదట్లో రెండు షట్టర్ల చీరల కొట్టు. లోపలున్న సరుకు, బీరువాలు, ఏసీ అన్నీ కలిపి నేను చెప్పిన ధరకే రాయించుకున్నాను. అంత ఎలా తగ్గించావని తోటి వ్యాపారులు ఇప్పటికీ అడుగుతారు. ఆ కొట్లో చనిపోయిన మనిషి ఒకామె ఉండేది. ఆమెని చూపించి తగ్గించాను. ఆ తరవాత ఆమెని నా చేతులతో నేనే వెళ్ళగొట్టాను. కొన్న వాటిలో అన్నిటికంటే విలువైనదాన్ని లోపం కింద లెక్కగట్టి, ఆ లోపానికి తగ్గింపు పుచ్చుకుని, పైగా దాన్ని వీధిలో పారబోసిన వ్యాపారి మా వంశంలో నేనొక్కణ్ణే. ఈ ఘనతలో ఎవరికీ వాటా ఇవ్వను.

మాది జగ్గయ్యపేట. నాన్నది బట్టల కొట్టు, బాబాయిల్లో ఒకరిది కిరాణా, ఇంకొకరిది స్టీలు సామాను. మా ఇంట్లో పిల్లలకి మాటలకంటే ముందు బేరం వచ్చేది. అన్నం తినమంటే ఎన్ని ముద్దలని అడిగేవాళ్ళం. నన్ను మాత్రం నాన్న డిగ్రీలో ఫిజిక్సు చదివించాడు. సైన్సు మీద గౌరవంతో కాదు, ఆ ఏడు బీకాం సీట్లు అయిపోయాయి. మేష్టారు ఎబొనైట్ కడ్డీని ఉన్నిగుడ్డతో రుద్ది కాగితం ముక్కల మీదుగా పట్టుకునేవారు. ముక్కలు లేచి కడ్డీకి అతుక్కునేవి. క్లాసంతా కాగితాల్ని చూస్తుంటే నేను ఆ గుడ్డని చూసేవాణ్ణి, మీటరెంత పలుకుతుందా అని.

ఆ పాఠంలో ఒక మాట మాత్రం నాకు చాలా కాలం లొంగలేదు. ఒకచోట విద్యుదావేశం ఉంటే దాని చుట్టూ ఉన్న ఖాళీ ఇక మామూలు ఖాళీ కాదట. అక్కడ ఇంకే వస్తువూ లేకపోయినా, రేపెప్పుడో ఒకటి వస్తే దాన్ని ఎటు లాగాలో, ఎంత గట్టిగా లాగాలో ఆ చోటుకి ముందే తెలిసి ఉంటుందట. దాన్నే విద్యుత్ క్షేత్రం అంటారు. ఏమీ లేని చోట ఏదో ఉండటమేమిటో బుర్రకెక్కక, పరీక్షలో బట్టీపట్టి రాశాను. అర్థమైంది నందిగామ కొట్లో, ముంజేతి మీద వెంట్రుకలు వాటంతట అవే లేచి నిలబడిన రోజు.

ఆ కొట్టు అమ్మకానికి ఉన్నా కొనేవాళ్ళు రావట్లేదని మార్కెట్లో చెప్పుకున్నారు. ఓనరు భార్య ఏళ్ళ తరబడి గల్లా దగ్గర కూర్చుని వ్యాపారం చూసుకుందట. ఒక పొద్దున బోణీ కాగానే అక్కడే ఒరిగిపోయిందట. అప్పటినుంచి ఆ కొట్లో బోణీ చేసిన వాళ్ళ చేతిని ఆమె తాకుతుందట. ఒక్క బోణీకే, మళ్ళీ రోజంతా రాదట.

బోణీ సంగతి కొంచెం చెప్పాలి. రోజులో మొదటి అమ్మకం అది. ఫోనుతో స్కాను చేసి డబ్బు కట్టడం మాకు అలవాటైపోయింది. రోడ్డు పక్కన జామకాయలమ్మే మామ్మ బుట్టలో కూడా స్కానరు అట్ట ఉంటుంది. కానీ బోణీకి మా కొట్లలో స్కానరు ఒప్పుకోం. నోటు చేతిలోంచి చేతిలోకి రావాలి. బల్ల మీద పెట్టకూడదు. పుచ్చుకున్నవాడు కళ్ళకద్దుకుని గల్లాలో వెయ్యాలి. ఆమె దీనికి తన అలవాటు ఒకటి జోడించింది. నోటు పుచ్చుకున్నాక, ఇచ్చినవాళ్ళ అరచేతిలో పటికబెల్లం ముక్క పెట్టి, వాళ్ళ వేళ్ళు తానే మూసేదట.

ఫిబ్రవరిలో ఒక పొద్దున షట్టరు లేవగానే వెళ్ళాను. లోపల లైట్లు సగమే వేశారు. ఏసీ అప్పటికే నడుస్తోంది. సేల్స్‌లో పనిచేసే అక్క, చందర్లపాడు వైపు మనిషి, పాలిస్టర్ చీరల కట్ట విప్పి ఒక్కోటీ లాగుతోంది. చీర మీంచి చీర వచ్చినప్పుడల్లా చిటపటమని చప్పుడు. ఆ సగం చీకట్లో మడతల మధ్య నీలంగా సన్నటి మెరుపులు. పక్కనే నిలబడ్డాను. ముంజేతి మీద వెంట్రుకలు లేచాయి, ఎవరో తాకబోయి ఆగినట్టు.

"అక్కడ నిలబడకండి సార్, జరగండి," అంది ఆమె.

"ఏం?"

"బోణీ కాలేదు గదండీ. మా పాస్టరుగారు ఇట్టాంటివి నమ్మొద్దంటారు. నేను నమ్మనండి. కానీ బోణీ అయ్యేదాకా గల్లా వైపు మాత్రం పోను."

ఒక చేతిరుమాలు తీసుకున్నాను. ఓనరు లోపలి గదిలోంచి వచ్చాడు. డెబ్భై దాటిన మనిషి. మోకాళ్ళు అరిగిపోయి కాళ్ళు ఎత్తలేక ఈడుస్తున్నాడు. షుగరని కాళ్ళకి ఉన్ని సాక్సులు తొడుక్కున్నాడు. గుమ్మం నుంచి గల్లా దాకా ముదురు ఆకుపచ్చ నైలాను కార్పెట్టు. ఇనప బల్ల అవతల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చెయ్యి చాపాడు. నోటు అందించాను. వేళ్ళు ఇంకా తగలకముందే టప్‌మంది. నా చూపుడువేలి కొసని ఎవరో గిల్లారు.

"ఉలిక్కిపడకు బాబూ. మా ఆవిడ," అన్నాడు. లోపల కాఫీ కలుపుతున్న మనిషి గురించి చెప్పినట్టు, అంత మామూలుగా.

నాకు లోపల నవ్వొచ్చింది. డిగ్రీ మొత్తం మీద నాకు పనికొచ్చిన క్షణం అదొక్కటే. నైలాను మీద ఉన్ని ఈడిస్తే ఒకదాని ఆవేశం ఇంకొకదానికి వెళ్తుంది. ఏసీ గాలిలో తడి ఉండదు, అది ఎటూ కారిపోదు, మనిషి ఒంటి మీదే నిలిచిపోతుంది. అలా మనిషి పొటెన్షియల్ వేల వోల్టులకి చేరుతుంది. పొటెన్షియల్ నాకు బాగా తెలిసిన సరుకు, ధర లాంటిది. ఒక వస్తువు ధర ఎంతన్నదానికి విడిగా అర్థం లేదు. అమ్మేవాడు ఎక్కడ కూర్చున్నాడు, కొనేవాడు ఎక్కడ నిలబడ్డాడు, ఆ రెంటికీ తేడా ఎంత, అదే బేరం. ఆ తేడాతో రెండు వేళ్ళు దగ్గరకొస్తే, మొనల దగ్గర క్షేత్రం బిగుసుకుంటుంది. మిల్లీమీటరుకి మూడు వేల వోల్టులు దాటితే గాలి కూడా బేరం ఒప్పుకుని దారిస్తుంది. కదిలే ఆవేశం బహు కొంచెం కాబట్టి గిల్లి ఊరుకుంటుంది. మరి బోణీకే ఎందుకంటే, మిగతా రోజంతా అందరూ ఫోనుతోనే కడతారు. ఎవరి చెయ్యీ ఎవరికీ తగలదు.

ఆమె బతికున్నప్పుడు ఎందుకు లేదన్నది ఒక్కటే మిగిలింది. అదీ సేల్సక్క చెప్పింది. "అమ్మగారున్నప్పుడు గల్లా దగ్గర దూదిపరుపు, తెల్ల దుప్పటి ఉండేయండి. అమ్మగారు పోయాక ఆ పరుపు చూళ్ళేక అయ్యగారు తీయించేశారు. ఈ కార్పెట్టూ కుర్చీ అప్పుడే వచ్చినయ్యి."

దూది కొంచెం తడి పట్టి ఉంటుంది, ఆవేశాన్ని నిలవనివ్వదు. ఆమె పరుపు తీసిన చోట ఆమె చెయ్యి మొదలైంది. మరి ఆ మెరుపుకి కారణం ఆమె కాదని ఎలా అనడం? ఈ ప్రశ్న నాకు ఇప్పుడు తడుతోంది. ఆ రోజు తట్టింది ధర.

"బాబాయిగారూ, మీ కొట్టు బంగారం. కానీ ఊళ్ళో అనుకునేది మీక్కూడా తెలుసుగా," అన్నాను.

"ఏమనుకుంటున్నారు?"

"దయ్యమున్న కొట్టంటున్నారండీ. ఆడవాళ్ళు వచ్చే వ్యాపారం ఇది. రేపు ఎవరైనా జడుసుకుని పడిపోతే నేనేం చెప్పుకోను? కొనేవాడు నేను తప్ప వేరే రాడు. కాస్త చూసుకుని చెప్పండి."

ఆయన గల్లా మూతని అరచేత్తో నిమిరాడు. తరవాత, "నాకు మోకాళ్ళు సహకరించట్లేదు. మైలవరంలో అమ్మాయి రమ్మంటోంది. లేకపోతే అమ్మేవాణ్ణి కాదు. నువ్వు అడిగిందానికే ఇస్తా. కానీ ఒక మాట," అన్నాడు.

"చెప్పండి."

"నెలకోసారి వస్తా. ఆ రోజు బోణీ నాకివ్వాలి. ఆమె చెయ్యి తగిలితే చాలు, వెళ్ళిపోతా."

పైసా ఖర్చులేని షరతు. వెంటనే ఒప్పుకున్నాను. బేరంలో అవతలివాడు ఊరికే దొరికేదాన్ని అడిగితే అది అతని తెలివితక్కువ అనుకునే రోజులవి.

ఆ సాయంత్రమే జగ్గయ్యపేట వెళ్ళి నాన్నకి కథంతా చెప్పాను. ఆయన మెచ్చుకోలేదు.

"దయ్యముందని చెప్పి తగ్గించావా?"

"అవును."

"రేపు నువ్వు అమ్మాల్సొస్తే కొనేవాడు కూడా అదే మాటంటాడు గదరా. అప్పుడేం చేస్తావ్?"

"అమ్మేలోపు దయ్యాన్ని తీసేస్తా."

"తీసేస్తే, ఉందని చెప్పి తగ్గించిన డబ్బులు తిరిగిస్తావా?"

అన్నం తింటున్నవాణ్ణి నీళ్ళు కావాలని లేచి వెళ్ళాను.

దయ్యాన్ని తీయడానికి మొదట చేసిన పని నా చదువుకి తగ్గట్టే ఉంది. కొట్టు వెనక గొయ్యి తవ్వించి, బొగ్గు, ఉప్పు వేసి ఎర్త్ పెట్టించాను. అక్కణ్ణుంచి రాగి తీగ లాగి గల్లా బల్ల కాలికి బిగించాను. ఇనుముని నేలతో కలిపేస్తే ఆవేశమంతా భూమిలోకి పోతుందని ధీమా. మర్నాడు పొద్దున ఒకావిడ జాకెట్టు గుడ్డ కొని, బల్ల అంచుకి ముంజేతులు ఆనించి, నోటు అందించింది. ఈసారి గిల్లలేదు, కొట్టింది. ఆవిడ కెవ్వుమంది, నోటు ఎగిరిపోయింది.

"ఇదివరకు మెల్లగా తాకేదంటగా! ఇదేంది, లెంపకాయ కొట్టినట్టు కొట్టింది!"

ఆవిడ వెళ్ళాక సేల్సక్క చీర మడత పెడుతూ గోడకి చెప్పినట్టు చెప్పింది. "కొత్త ఓనరు నచ్చలేదేమోనండి."

ఆ మాట మధ్యాహ్నానికి బస్టాండు దాకా పాకింది. నా తప్పు ఎక్కడుందో తెలియడానికి సాయంత్రమైంది. ఇదివరకు కొనేవాళ్ళూ అమ్మేవాడూ ఒకే కార్పెట్టు మీద నడిచారు, ఇద్దరూ ఎంతో కొంత పైకెక్కారు, మధ్యలో తేడా తక్కువ. నేను బల్లని ఎర్త్ చేసేసరికి, దానికి చేతులు ఆనించినావిడ సున్నాకి దిగిపోయింది. ప్లాస్టిక్ కుర్చీలో నేను మాత్రం పైనే ఉన్నాను. తగ్గించాల్సింది తేడాని. నేను అవతలివాళ్ళని తగ్గించాను. పుట్టుకతో వచ్చిన అలవాటు.

అప్పుడు సరిగ్గా చేశాను. నైలాను కార్పెట్టు చుట్టి అటకెక్కించాను. కింద నూలు జంపఖానా పరిచాను. కుర్చీ మార్చి చెక్కది వేశాను. బల్ల కింద నా పాదం ఆనే చోట రాగి రేకు బిగించి దాన్నీ ఎర్త్ తీగకి కలిపాను. చెప్పులు విప్పి దాని మీద కాలు పెడితే ఒంట్లో ఆవేశం అన్నదే నిలవదు. మర్నాడు బోణీ నిశ్శబ్దంగా జరిగింది. వేలికి వేలు తగిలింది, చర్మం తగిలినట్టే తగిలింది. లోకంలో అన్ని కొట్లలాగే అదీ ఒక కొట్టు అయింది.

గర్వం ఎక్కువ కాలం నిలవలేదు. చందర్లపాడు నుంచి ఒక పెద్దామె పెళ్ళి బట్టలకి మందిని వేసుకుని, పనిగట్టుకుని బోణీ వేళకి వచ్చింది. ముందు ఒక పసుపు జాకెట్టు ముక్క కొని నోటు నా చేతిలో పెట్టి, అలాగే పట్టుకుని నిలబడింది.

"ఏంది, ఏం తగల్లేదు?"

"ఏం తగలాలండీ?"

"ముత్తయిదువుగా పోయిన తల్లి. ఆమె చెయ్యి తగిలితే పెళ్ళికూతురికి మంచిదని మా చుట్టాలందరూ ఇక్కడే కొన్నారు. లేదా? పోయిందా?"

"అదేం లేదమ్మా, అదంతా కరెంటు..."

"కరెంటు మా ఇంట్లోనూ ఉందిలే నాయనా," అని మందినంతా తీసుకుని ఎదుటి కొట్లోకి నడిచింది.

అప్పుడు తెలిసింది నేను దేనికి తగ్గింపు పుచ్చుకున్నానో. నాన్న ఒకరోజు జగ్గయ్యపేట నుంచి వచ్చి, కొట్లోకి రాకుండా ఎదురుగా టీ బండి దగ్గర కూర్చున్నాడు. పక్కవాడి కొట్లో ఏముందో తెలుసుకోవాలంటే లోపలికి వెళ్ళక్కర్లేదని, గుమ్మం దాటి వెళ్ళేదీ వచ్చేదీ చూస్తే చాలని ఆయన పద్ధతి. టీ తాగి వచ్చి అన్నాడు, "ఉత్తచేతులతో వచ్చినోళ్ళు ఉత్తచేతులతోనే పోతున్నార్రా. లోపలేం పెట్టుకున్నావ్?"

మా మేష్టారు అభివాహం అని చెప్పింది ఇదే. ఏ వస్తువు చుట్టూ అయినా మూసిన ఉపరితలం ఒకటి ఊహించుకుని, దాన్ని దాటే బలరేఖల్ని లెక్కిస్తే, లోపల ఎంత ఆవేశం ఉందో చూడకుండానే చెప్పొచ్చు. లోపల ఏమీ లేకపోతే ఎన్ని రేఖలు లోపలికి వెళ్తాయో అన్నీ అవతలి వైపు నుంచి బయటికొచ్చేస్తాయి. నా కొట్టు అలాగే ఉంది. మనుషులు ఒక షట్టరులో ప్రవేశించి ఇంకో షట్టరులోంచి వెళ్ళిపోతున్నారు.

కొట్టు అమ్మిన పెద్దాయన మార్చిలో మొదటిసారి వచ్చాడు. మైలవరం నుంచి తొలి బస్సుకి బయలుదేరి, షట్టరు లేవకముందే మెట్టు మీద కూర్చున్నాడు. చేతిరుమాలు ఒకటి తీసుకుని గల్లా దగ్గరకొచ్చి నోటు చాపాడు. వేళ్ళు తగిలాయి. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నా చేతిని చూడలేదు, నా భుజం పక్కన ఖాళీని చూశాడు. కాసేపటికి "ఇవాళ లేదు" అని, రుమాలు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఏప్రిల్లో వచ్చాడు. లేదు. మేలో వచ్చాడు, ఎండలో చెమటలు కక్కుతూ. లేదు. ఈసారి వెంటనే వెళ్ళలేదు. బల్ల అంచుని బొటనవేలితో రాస్తూ కూర్చున్నాడు.

"అలిగిందనుకుంటా."

నేను బోణీ నోటు గల్లాలో వేశాను.

"అడక్కుండా అమ్మేశా గదా. బతికున్నప్పుడు కూడా అంతే. చెప్పకుండా ఏదన్నా చేస్తే రెండ్రోజులు మాట్లాడేది కాదు. ఇన్నాళ్ళు మాత్రం ఎప్పుడూ లేదు."

ఎన్నో బేరాల్లో మొహం కదలకుండా కూర్చున్నవాణ్ణి. ఆ మాటకి కూర్చోలేకపోయాను. చెప్పేశాను. నైలాను, ఉన్ని, ఏసీ గాలి, ఆయన సాక్సులు, పరుపు తీసెయ్యడం, నేను కార్పెట్టు అటకెక్కించడం, పాదం కింద రాగి రేకు, అన్నీ. మొదటిరోజే నాకంతా తెలుసని కూడా చెప్పాను. నాసిరకం సరుకు పొగుడుతున్నవాణ్ణి వింటున్నట్టు మర్యాదగా విన్నాడు.

"నువ్వు చెప్పింది నిజమే అయ్యుంటది బాబూ. చదువుకున్నోడివి. అయితే అలగలేదంటావు."

"లేదండీ."

"నువ్వు దారి మూసేశావు, అందుకని రాట్లేదు."

"అంటే... అలాగ అనుకున్నా సరేనండీ."

"మళ్ళీ పరిస్తే వస్తదా?"

"వస్తుంది."

"ఖాయంగా?"

ఏ సరుకుకీ నేను గ్యారంటీ ఇవ్వను. రంగు పోతే బాధ్యత లేదని బోర్డు కూడా రాయించాను. ఆ రోజు మాత్రం "ఖాయంగానండీ" అన్నాను. ఆయన మొహంలో ఏదో సడలింది. పోయిన మనిషి మళ్ళీ వస్తుందన్న ఆశ కాదది. తన మీద కోపం లేదన్న కబురు అందినవాడి మొహం.

కార్పెట్టు దించాను. వానలు పడ్డాయి. నా గ్యారంటీ అక్కడే మునిగింది. వానాకాలం గాలిలో తడి వస్తువుల మీద కంటికి కనపడని పొరలా పరుచుకుని ఆవేశాన్ని జారవిడిచేస్తుంది. ఏసీ ఎంత పెంచినా షట్టరు తీస్తే చాలు, వీధి తడంతా లోపలికొస్తుంది. ఆయన వచ్చే రోజుల్లో పొద్దున్నే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, పాలిస్టర్ చీరల్ని ఒంటికేసి రుద్దుకుంటూ, కార్పెట్టు మీద అటూ ఇటూ కాళ్ళీడ్చుకుంటూ తిరిగేవాణ్ణి.

సేల్సక్క గుమ్మంలో నిలబడి చూసేది. "దయ్యాన్ని పోగొట్టడానికి జనం చేసేవి చూశా గానీ, పిలవడానికి ఇంత పాటుపడేవాళ్ళని ఇప్పుడే చూస్తన్నానండి. ప్రార్థన చెయ్యమంటారా?"

"చెయ్యక్కా. వాన ఆగమని చెయ్యి."

జూలైలో ఆమె రాలేదు. ఆగస్టులో, పెళ్ళిళ్ళ గిరాకీ ఎదుటి కొట్లో కిటకిటలాడుతున్నప్పుడూ రాలేదు. అక్టోబరులో వచ్చినప్పుడు ఆయన బాగా తగ్గిపోయి ఉన్నాడు. నోటు చాపాడు. టప్‌మనలేదు. "చలికాలం రానివ్వండి బాబాయిగారూ" అన్నాను. తల ఊపాడు. ఆ ఊపులో నా గ్యారంటీ మీద నమ్మకం కాదు, చలికాలం దాకా తాను ఉంటాడా అన్న లెక్క కనిపించింది. నవంబరు, డిసెంబరుల్లో ఆయనే రాలేదు. ఫోను చేస్తే ఆయన కూతురు ఎత్తి, నాన్న లేవలేకపోతున్నాడని చెప్పింది. ఆ రెండు నెలలూ పొద్దున్నే కార్పెట్టు మీద పొడి చలిగాలి సరిగ్గా కావలసినట్టు ఉంది. చీర ముట్టుకుంటే మెరుపులు. కొట్టంతా నిండిపోయి, రావలసిన మనిషి కోసం నిలబడినట్టుంది. బోణీకి ఎవరొచ్చినా చేతిని తాకేది. వాళ్ళు "అబ్బా, షాకు" అనుకుని నవ్వి వెళ్ళిపోయేవారు. ఆ చోటుకి ఎవరు రావాలో తెలుసు. వచ్చినవాళ్ళు కాదు.

జనవరిలో ఒక పొద్దున షట్టరు ముందు కారు ఆగింది. కూతురు రెక్క పట్టుకుని దించింది. గుమ్మం దగ్గర ఆమెని ఆపి, తానొక్కడే లోపలికొచ్చాడు. ఉన్ని సాక్సులు. కాళ్ళు ఈడుస్తూ, ఆగుతూ, కార్పెట్టు మొత్తం దాటడానికి చాలాసేపు పట్టింది. రుమాలు ఒకటి ఎంచుకున్నాడు.

"ఎంత?"

ధర చెప్పాను. జీవితంలో మొదటిసారి, తగ్గించడానికి వీలుగా పెంచకుండా, అసలు ధర చెప్పాను.

ఆయన రుమాలు తిప్పి చూశాడు. కళ్ళలో పాత వ్యాపారి కదిలాడు. "దయ్యమున్న కొట్టంటగా బాబూ. కాస్త చూసుకుని చెప్పు."

నా మాట నాకే అప్పజెప్పాడు. "సగానికి ఇస్తానండీ" అన్నాను.

"ఆ. అట్టా రా."

నోటు చాపాడు. నేను చెయ్యి చాపాను. రెండు వేళ్ళ మధ్య నీలంగా మెరిసింది. టప్. ఆ సగం చీకటి కొట్లో ఆ చప్పుడు గోడల దాకా వినిపించింది. ఆయన ఉలిక్కిపడలేదు. నా భుజం పక్కకి చూస్తూ, రోజూ అడిగే మాటలాగా అడిగాడు.

"ఏమైనా తిన్నావా?"

ఆ ప్రశ్న నన్ను అడిగింది కాదు. జవాబు ఎక్కణ్ణుంచైనా రావచ్చు అన్నట్టుంది గది. ఆయన నోటు వదిలేశాడు గానీ చెయ్యి తీసుకోలేదు. అరచెయ్యి పైకి తిప్పి బల్ల మీద అలాగే ఉంచాడు. ఎందుకో నాకు వెంటనే తెలియలేదు. కొంతసేపు చూసి, తన వేళ్ళు తానే ఒక్కొక్కటీ మూసుకుని, ఆ పిడికిలి జేబులో పెట్టుకుని, కూతురి దగ్గరికి నడిచి వెళ్ళాడు.

కారు వెళ్ళాక బల్ల కిందకి చూశాను. ప్లాస్టిక్ కుర్చీ వేసుకున్నాను గానీ, కంగారులో కాలు ఎత్తడం మరిచిపోయాను. నా పాదం రాగి రేకు మీదే ఉంది. తీగ తెగిందేమోనని వెనక గొయ్యి దాకా పట్టుకుని చూశాను. తెగలేదు. ఆయన చేతికి ఆమెని తగిలించేది నేనేననుకున్నాను. నా ఒంట్లో ఏమీ లేదు, నేను సున్నా. మెరిసిందంతా ఆయన కాళ్ళీడ్చుకుంటూ తెచ్చుకున్నదే. తిరిగొచ్చి కూర్చుంటే ముంజేతి మీద వెంట్రుకలు ఇంకా లేచే ఉన్నాయి. పక్కనున్న చీరల కట్ట క్షేత్రం అది, సున్నాలో కూర్చున్నవాణ్ణి కూడా తాకుతుంది, పుస్తకంలో ఉంది. చీరల కట్ట అవతలి గోడకి జరిపించాను. తరవాత కూడా కాసేపు లేచే ఉన్నాయి.

మళ్ళీ ఆయన రాలేదు. వేసవిలో కూతురు ఫోను చేసి చెప్పింది.

ఆఖరి బిల్లు ఇదీ. రుమాలు ఒకటి, దయ్యం పేరిట తగ్గింపు పోను సగం ధర, ముట్టింది. కొట్టు మీద అదే పేరిట నేను పుచ్చుకున్న తగ్గింపు, తిరిగి ఇవ్వలేదు, అడిగేవాళ్ళు లేరు. మెరుపు, ఆయన తెచ్చుకున్నదే, నా వైపు నుంచి సున్నా. పటికబెల్లం ముక్క, ఒకటి. అరచెయ్యి చాపి అడిగారు. కొట్లో లేదు.